గౌరవ సభ్యుడి వరిబీజం

కొత్త చట్టం అమల్లోకి వచ్చిన ఉదయాన పెసింగి దొరబాబు నందివాక ఏరియా ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటర్ తలుపు బయట, స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒంటిమీద ఆకుపచ్చ గౌను తప్ప మరేమీ లేదు. ఆ గౌనుకి వెనకాల నాడాలు లేవు. చెయ్యాల్సిన చోట క్షవరం చేసేశారు. కడుపులో టీ చుక్క లేదు. అయినా దొరబాబు మొహంలో పెళ్ళికొడుకు కళ ఉంది. ఆ పూటతో తన వరిబీజం పీడ విరగడైపోతుందని అతని సంబరం.

దొరబాబు కత్తులకు సాన పట్టి బతుకుతాడు. సైకిలుకి స్టాండు వేసి, హ్యాండిల్ దగ్గర బిగించిన సానరాయికి బెల్టు తగిలించి, సీటు మీద కూర్చుని తొక్కితే రాయి గిర్రున తిరుగుతుంది. కత్తిపీటలు, కత్తెరలు, కల్లుగీత కత్తులు, అన్నీ అతని చేతిలో పడి తళతళలాడుతూ ఇళ్ళకు వెళ్ళేవి. ఏ దోమ ఎప్పుడు కుట్టిందో గానీ, కుడివైపు మొదలైన వాపు ఏడాది తిరిగేసరికి కొబ్బరి బోండాం అంతయింది. దాన్ని సీటు మీద ఎటు సర్దుకున్నా రెండోవైపు పెడలు అందదు. పంచెకట్టు మార్చాడు, నడక మార్చాడు, చివరికి ఎరిగున్నవాళ్ళు ఎదురవుతారని బేరాలున్న వీధులే మార్చేశాడు. నొప్పినైనా ఓర్చుకున్నాడు గానీ అరుగుల మీంచి వినిపించే నవ్వుని ఓర్చుకోలేకపోయాడు. ఎన్ని నెలలో తిరిగితే, సూపరింటెండెంట్ డాక్టర్ చక్రధరంగారు స్వయంగా తనే చేస్తానని ఈ రోజు ఇచ్చారు.

థియేటర్‌కి ఎదురుగా డాక్టరుగారి గది. తలుపు బార్లా తీసి ఉంది కాబట్టి లోపలి మాటలన్నీ దొరబాబుకి వినపడుతున్నాయి.

"మధ్యాహ్నం పన్నెండు లోపల పాలక మండలి ఏర్పడని యెడల, సదరు ఆసుపత్రి ఉనికిలో లేనట్లు భావించబడును," అంటున్నాడొకాయన. ఆయన పేరు పరిపూర్ణానందం. పాత పద్ధతిలోని ఆసుపత్రులను, శరణాలయాలను కొత్త చట్టం కిందికి లాక్కురావడానికి ప్రభుత్వం పంపిన పరివర్తన అధికారి. తెల్లవారుజామునే జీపులో దిగాడు.

"భవనం కళ్ళెదుట కనిపిస్తోంది కదండీ," అన్నారు డాక్టరుగారు.

"భవనం ఉండును. ఆసుపత్రి ఉండదు. పన్నెండు దాటిన పిమ్మట ఇచ్చట ఎవరికైనను సూది గుచ్చిన యెడల అది దేహదాడిగా పరిగణింపబడును."

డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డ చప్పుడయింది. చట్టం చెప్పేదేమిటంటే, ఇకనుంచి ఆసుపత్రినీ పక్క ఆవరణలోని వృద్ధుల శరణాలయాన్నీ కలిపి ఒకే పాలక మండలి నడపాలి. అందులో ఐదుగురు ఉండాలి. డాక్టరుగారు, హెడ్ నర్సు సలోమి, కార్యదర్శిగా పరిపూర్ణానందం సరిపోయారు. శరణాలయం తరఫున కాసులమ్మ అనే ముసలమ్మను అప్పటికే కుర్చీతో సహా మోసుకొచ్చారు. మిగిలింది రోగుల ప్రతినిధి.

"వార్డులో నలభై మంది ఉన్నారండీ, పిలుచుకురానా?" అంది సలోమి.

"వారు చికిత్స పొందుచున్నారు గనుక లబ్ధిదారులు. నయమైనవారు మాజీలు. పద్నాలుగో సెక్షను ప్రకారం మనకు కావలసినది చికిత్స కోరుచు, ఇంకను పొందని రోగి."

సలోమి ఓపీ వరండాకి పరిగెత్తింది. సంతకం పెట్టే మగాళ్ళు కావాలనగానే అక్కడున్నవాళ్ళంతా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అనుకుని గోడ దూకి పారిపోయారు. ఒక్క దొరబాబే పారిపోలేదు. ఆ గౌనుతో పారిపోవడం ఎలా?

"ఈయన?" అన్నాడు పరిపూర్ణానందం, స్ట్రెచర్ చుట్టూ తిరిగి చూస్తూ.

"వరిబీజమండి. ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళబోతున్నాం."

"ఇంకను కోయలేదు గదా?"

"లేదండి."

"శుభం!"

దొరబాబు ఏడో తరగతి దాకా చదివాడు. సంతకం వచ్చు. ఏ ఆపరేషన్‌కైనా ముందు కాగితం మీద సంతకం తీసుకుంటారని విన్నాడు గనుక, చూపించిన చోటల్లా పెట్టేశాడు. ఒక కాగితానికి ఇన్ని సంతకాలెందుకని కూడా అడగలేదు. తర్వాత ఎవరో పూలదండ వేశారు. గౌను మీదుగా శాలువా కప్పారు. ఫొటో తీశారు. ఆపరేషన్‌కి ముందు ఇంత మర్యాద చేస్తారని ఎవరూ చెప్పలేదే అనుకుని, దొరబాబు ఆ దండతోనే మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు.

"ఇంక కానిచ్చెయ్యండి డాట్రుగారూ. ఆకలేసేత్తందండి."

డాక్టరుగారు చేతులు కడుక్కోవడానికి లేచారు. పరిపూర్ణానందం అడ్డం నిలబడ్డాడు. ఇరవై రెండో సెక్షను చదివాడు. పాలక మండలి సభ్యుడెవరూ తాను పాలించే సంస్థ నుండి ఏ విధమైన ప్రయోజనమూ పొందరాదు. పొందినవాడూ, పొందింపజేసినవాడూ శిక్షార్హులు.

"గౌరవ సభ్యులవారిని స్ట్రెచర్ మీద నుండి దింపుడు. స్ట్రెచర్ కూడా ప్రయోజనమే," అన్నాడు.

"నేనేం గౌరవ సబ్బుణ్ణండీ? నాది బుడ్డండి!" అని దొరబాబు లబోదిబోమన్నాడు. దింపేశారు. గౌను కూడా ఆసుపత్రిదే కాబట్టి అదీ తీసేసుకున్నారు. శాలువా మాత్రం ప్రభుత్వం ఇచ్చింది గనుక అది చుట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

ఇంట్లో భార్య పేరంటాలు అప్పటికే బియ్యం కడిగి పెట్టుకుంది, ఆపరేషనయ్యాక మెత్తగా జావ కాచి పట్టుకెళ్దామని. శాలువాలో నడిచొస్తున్న మొగుణ్ణి చూసి ఎదురెళ్ళింది.

"తీసేశారా?"

"కొయ్యలేదు, తియ్యలేదు. నన్ను మెంబర్ని చేశారే."

"దేనికి?"

"ఆసుపత్రికి."

పేరంటాలు కడిగిన బియ్యం పక్కన పెట్టింది. "మెంబరైతే ముందు నీకే చెయ్యాలి కదయ్యా? మన ఊళ్ళో మెంబరు ఇంటి ముందే కదా ముందు రోడ్డేసింది?"

ఇంత న్యాయమైన మాట చట్టం రాసినవాళ్ళకి తట్టలేదే అని దొరబాబుకి ఏడుపొచ్చింది.

మర్నాడే రాజీనామా రాసుకుని వెళ్ళాడు. పరిపూర్ణానందం దాన్ని ఎంతో మర్యాదగా అందుకున్నాడు. "సభ్యుని రాజీనామాను మండలి సమావేశంలో ఆమోదించవలెను. సభ్యుని సొంత విషయం చర్చకు వచ్చినప్పుడు సదరు సభ్యుడు గది బయట ఉండవలెను. తమరు బయటకు దయచేయుడు."

దొరబాబు బయటికి నడిచాడు.

"ఇప్పుడు రోగుల ప్రతినిధి గదిలో లేరు గనుక సమావేశం చెల్లదు. తమరు లోపలికి దయచేయుడు."

లోపలికొచ్చాడు. మళ్ళీ బయటికి దయచెయ్యమన్నారు. అలా ఆ గుమ్మం ఎన్నిసార్లు దాటాడో అతనికే తెలీదు. వాపు మీద బట్ట రాసుకుని మంట పుట్టింది. చివరికి కాసులమ్మ విసుక్కుంది.

"ఒరే అబ్బాయా, కూకో. నువ్వు తిరిగినకొద్దీ నా తల తిరిగిపోతంది."

"కూకోడానికేనమ్మా నా పాట్లన్నీ," అన్నాడు దొరబాబు.

కాసులమ్మ గతి ఇంకా అన్యాయం. శరణాలయం కూడా మండలి పాలించే సంస్థే కదా. అక్కడి మంచం, అన్నం, దుప్పటి అన్నీ ప్రయోజనాలే. వృద్ధుల ప్రతినిధి అయిన క్షణం నుంచి ఆమె శరణాలయంలో ఉండటానికి వీల్లేదు. సభ్యురాలు కాకముందు ఆమెకు తలదాచుకోవడానికి చోటుండేది, మాటకి విలువుండేది కాదు. ఇప్పుడు శరణాలయం గేటు బయట మూడు ఇటికరాళ్ళు పెట్టుకుని వండుకుంటూ, లోపలివాళ్ళ కూరలో ఉప్పు తగ్గిందని అధికారికంగా తనిఖీ చేస్తోంది. రెండో రోజు వాన పడింది. పేరంటాలు వెళ్ళి ఆ ముసలమ్మను, ఆమె మూటను ఇంటికి తెచ్చుకుంది. "అందరూ ఎలాగూ మెంబర్లే. ఒకింట్లో ఉంటే పోద్ది," అంది.

దొరబాబుకి ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకునే తాహతు లేదు. అంచేత బస్సెక్కి పక్క పట్నంలోని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాడు. బస్సులో నిలబడే వెళ్ళాడు. అక్కడి డాక్టరు పరీక్ష చేసి, అరగంట పని అన్నాడు. పేరు రాసుకోబోయి ఆగాడు.

"మీరు నందివాక దొరబాబుగారేనా? పాలక మండలి సభ్యులు?"

"ఆయ్. అంటే, కాదండి."

"శాలువాతో మీ ఫొటో సర్క్యులర్‌లో వచ్చిందండి. సోదర సంస్థ సభ్యులకు వైద్యం చెయ్యాలంటే మీ మండలి నుంచి అభ్యంతరం లేదని తీర్మానం కావాలి."

"ఆ తీర్మానం చేసేప్పుడు నేను గదిలో ఉండకూడదాండి?"

"ఉండకూడదు."

దొరబాబు తిరుగు బస్సెక్కేశాడు.

అతను తిరిగొచ్చేలోపే, ఊరు దాటి వైద్యానికి వెళ్ళాడన్న వార్త ఆసుపత్రిలో గుప్పుమంది. దొరబాబుకి నయమైతే అతను రోగి కాదు. రోగి కాకపోతే ప్రతినిధి కాదు. ప్రతినిధి లేకపోతే మండలి లేదు, మండలి లేకపోతే ఆసుపత్రి లేదు. ఆసుపత్రి లేకపోతే జీతాలెక్కడివి? అతను బస్సు దిగేసరికి ఫార్మసిస్టు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా స్టాండులో నిలబడి ఉన్నారు.

"తగ్గలేదు కదా దొరబాబుగారూ?" అని వాచ్‌మన్ ముందుకొచ్చి అడిగాడు.

"తగ్గలేదు."

"దేవుడున్నాడు!" అని వాచ్‌మన్ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇలాంటి భయం ఒక్క నందివాకదే కాదు. కొత్త చట్టం వచ్చిన తొందర్లో ఒక చోట జ్వరం రోగిని ప్రతినిధిని చేశారట. మూడో రోజుకి జ్వరం జారిపోయింది, దాంతోపాటు ఆసుపత్రీ జారిపోయింది. ఇంకోచోట నిండు గర్భిణిని పెట్టుకున్నారు. మొదటి సమావేశంలో మినిట్స్ రాస్తుండగానే ఆమె ప్రసవించి అర్హత కోల్పోయింది. మరోచోట గుండె జబ్బాయన, పాపం, ప్రమాణస్వీకారంలోనే పోయాడు. ఇవన్నీ క్రోడీకరించి ప్రభుత్వం తాఖీదు పంపింది. ప్రతినిధిగా తీసుకునే రోగి వ్యాధి దీర్ఘకాలికమైనదై, స్థిరస్వభావం కలిగి, ప్రాణాపాయం లేనిదై ఉండాలట.

పరిపూర్ణానందం ఆ తాఖీదు చదివి పొంగిపోయాడు. "చంపదు. తనంతట తాను పోదు. చూచువారికి సందేహమునకు తావుండదు. దొరబాబుగారి వరిబీజము ఈ రాష్ట్రమునకే ఆదర్శప్రాయము!"

అంత ఆదర్శప్రాయమైన దాన్ని గాలికి వదిలెయ్యకూడదని వెంటనే 'ప్రతినిధి వ్యాధి పరిరక్షణ ఉపసంఘం' వేశారు. నెలకోసారి గెజిటెడ్ అధికారుల సమక్షంలో కొలత తీసి, వ్యాధి కొనసాగుతున్నట్టు ధ్రువీకరించాలి. ఆసుపత్రి టేపు వాడితే ప్రయోజనం కిందికి వస్తుందని బజార్లోని టైలరును టేపుతో సహా పిలిపించారు. వ్యవసాయ శాఖాధికారి, పశువైద్యాధికారి సాక్షులుగా వచ్చి కళ్ళజోళ్ళు సర్దుకున్నారు. అలవాటు కొద్దీ టైలరు కొలత గట్టిగా చెప్పేసి, "ఒక అంగుళం లూజు వదలనా అండీ?" అని అడిగాడు.

దొరబాబు గోడకేసి తిరిగి కళ్ళు మూసుకున్నాడు. అరుగుల మీది జనం నవ్వినప్పుడు కనీసం పంచె ఉండేది. ఇక్కడ ఎవరూ నవ్వటం లేదు, అందరూ ఎంతో గౌరవంగా చూస్తున్నారు, అందుకే మరీ సిగ్గుతో చచ్చిపోయాడు.

మినిట్స్‌లో ఇలా రాశారు: "గౌరవ సభ్యుని వ్యాధి గత మాసముకంటె సంతృప్తికరమైన వృద్ధి కనబరచినది. మండలి హర్షము వెలిబుచ్చినది."

సాన సైకిలు పేరంటాలు తొక్కుతోంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సీటెక్కి కూర్చుని, మొగుడికన్నా జోరుగా రాయి తిప్పుతోంది. కత్తి పట్టడం చేతకాక మొదట్లో రెండు వేళ్ళు కోసుకుంది. దొరబాబు పక్కన నిలబడి చెబుతూ, ఆ వేళ్ళకి కట్టిన గుడ్డపీలికలు చూసి తల తిప్పుకునేవాడు. ఒక సాయంత్రం డాక్టరుగారింటి కత్తిపీట సానకొచ్చింది. దాన్ని ఇవ్వడానికి దొరబాబే వెళ్ళాడు.

"డాట్రుగారూ, చీకట్లో కోసెయ్యండి బాబూ. నేనెవరికీ చెప్పను."

చక్రధరంగారు మంచివారే. కాకపోతే మరుసటి ఏడాది రిటైరవుతున్నారు. "నాకూ ఆ కోరికే ఉంది దొరబాబూ. నిన్ను చూస్తే రాత్రి అన్నం సయించడం లేదు. కానీ నెలనెలా ఆ టేపొకటి ఉందే! పెన్షన్ పోతుందయ్యా," అని కత్తిపీట తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి దొరబాబు మాట్లాడటం తగ్గించేశాడు.

ఎండలు ముదిరాక ఒక బుధవారం సమావేశం జరిగింది. దొరబాబు కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. పేరంటాలు కిటికీ బయట సైకిలాపుకుని చూస్తోంది. పరిపూర్ణానందం దూది కొనుగోలు గురించి మాట్లాడుతూ, "సదరు దూది యొక్క..." అని నడుం పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. "దూది యొక్క..." అని మరోసారి అన్నాడు. అంతే, కుర్చీలోంచి జారి కిందపడి, "అమ్మా! ఓలమ్మోవ్!" అని దొర్లాడు. ఉద్యోగంలో చేరాక ఆయన నోట మామూలు తెలుగు రావడం అదే మొదటిసారి.

డాక్టరుగారు వంగి చూశారు. "కిడ్నీలో రాయిలా ఉంది. సలోమీ, ఇంజెక్షన్..." అని, చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఇరవై రెండో సెక్షనండీ."

"ఏ సెక్షను?" అని అరిచాడు పరిపూర్ణానందం.

"మీరు కార్యదర్శి. సభ్యులు. సూది ప్రయోజనం కిందికొస్తుంది. పొందింపజేసినవాడు కూడా శిక్షార్హుడని మీరే చదివారు."

"నన్ను ప్రైవేటుకు తీసుకుపొండి!"

"ప్రైవేటు ఆసుపత్రి ఉన్న ఊరికి గంటన్నర ప్రయాణమండీ. అంబులెన్సు ఆసుపత్రిది," అంది సలోమి. ఆమె గొంతులో జాలీ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"రాజీనామా! రాజీనామా చేస్తున్నాను!"

పడుకునే రాసిచ్చాడు. సొంత విషయం గనుక ఆయన్ని ఎత్తి వరండాలో పడేశారు. గదిలో రోగుల ప్రతినిధి ఉన్నాడు, కాబట్టి సమావేశం చెల్లుతుంది. కార్యదర్శి స్థానం కొన్నాళ్ళు ఖాళీగా ఉన్నా మండలి నడుస్తుంది, నలుగురూ చేతులెత్తితే చాలు. డాక్టరుగారు ఎత్తారు. సలోమి ఎత్తింది. కాసులమ్మ దొరబాబు మొహంలోకి చూసింది.

రోగుల ప్రతినిధి ఒప్పుకోనిదే ఏ తీర్మానమూ నెగ్గదని చట్టంలోనే ఉంది. అంటే ఆ ఒక్క నిమిషం ఆసుపత్రి మొత్తం దొరబాబు కుడిచేతి మీద నిలబడింది.

కిటికీ ఊచల్లోంచి పేరంటాలు అరిచింది. "ఎత్తకు! నీకు పున్నెముంటది, చెయ్యెత్తకయ్యా! ముందు నీకు చెయ్యనిచ్చేలా ఆ పై ఆఫీసుకి ఫోను చేయించమను! కాగితమొచ్చాకే ఎత్తు!"

"మీ ఆడది చెప్పింది నిజమేరా అబ్బాయా," అంది కాసులమ్మ.

నిజమేనని దొరబాబుకీ తెలుసు. ఇంత మంచి అదును మళ్ళీ రాదనీ తెలుసు. వరండాలోంచి మూలుగు వినిపిస్తోంది. ఈ మనిషి తనని స్ట్రెచర్ మీద నుంచి దింపించాడు, గుమ్మం చుట్టూ తిప్పించాడు, టేపుతో కొలిపించాడు. దొర్లనీ, కాసేపు దొర్లనీ అనుకున్నాడు. అనుకుంటూ బయటికి తొంగిచూశాడు. పరిపూర్ణానందం మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని, ఎటు తిరిగి పడుకున్నా నిలవలేక, మాటిమాటికీ పక్కలు మారుస్తున్నాడు. ఎటు సర్దుకున్నా నిలవలేకపోవడమంటే ఏమిటో దొరబాబుకి చెప్పక్కర్లేదు. చెయ్యెత్తేశాడు.

పేరంటాలు ఆ రోజు సైకిలు తొక్కుకుంటూ ఒక్కతే ఇంటికెళ్ళిపోయింది. రాత్రికి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

పరిపూర్ణానందానికి సూది పడింది. రెండు రోజులకి రాయి దానంతటదే జారిపోయింది. డిశ్చార్జి చేస్తూ డాక్టరుగారు, ఈ ఎండల్లో బిందెలకొద్దీ నీళ్ళు తాగాలనీ, నిర్లక్ష్యం చేస్తే మళ్ళీ తప్పక వస్తుందనీ చెప్పి పంపించారు. వెళ్ళేముందు పరిపూర్ణానందం దొరబాబు రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తమరు చేసిన మేలు మరువజాలను. తమరి విషయము ప్రభుత్వము దృష్టికి స్వయముగా తీసుకొనిపోయెదను."

ఆ మాట విన్నాక పేరంటాలు మళ్ళీ మాట్లాడింది. "పోన్లే. మనిషన్నాక ఆమాత్రం గురుతుండదా!"

ప్రభుత్వం కూడా ఆలస్యం చెయ్యలేదు. పరిపూర్ణానందానికి ఇప్పుడు ఏ జబ్బూ లేదు కాబట్టి, ఖాళీ అయిన కార్యదర్శి స్థానానికి అర్హుడేనని ఆయన్నే మళ్ళీ వేసింది. దొరబాబు విషయంలో ఆయన రాసిన సిఫారసు మీద కూడా ఉత్తర్వు వచ్చిందనీ, తర్వాతి సమావేశంలో చదువుతారనీ కబురొచ్చింది.

సమావేశం నాడు దొరబాబు పొద్దున్నుంచీ టీ ముట్టలేదు. మంగలిని పిలిపించి చెయ్యాల్సిన చోట మళ్ళీ క్షవరం చేయించుకున్నాడు. పేరంటాలు పెళ్ళినాటి చీర కట్టి, జావ గిన్నెతో వచ్చింది. డాక్టరుగారు థియేటర్‌లో లైట్లు వేయించి, చేతులు కూడా కడుక్కుని కూర్చున్నారు. సలోమి స్ట్రెచర్ తెచ్చి గుమ్మంలో పెట్టింది.

పరిపూర్ణానందం గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, ఇంకో గ్లాసు నింపించుకుని, ఉత్తర్వు విప్పాడు.

"నందివాక పాలక మండలి రోగుల ప్రతినిధి శ్రీ పెసింగి దొరబాబుగారు ఆపత్సమయమున కనబరచిన నిస్వార్థ సేవాభావమును ప్రభుత్వము మెచ్చుకొన్నది. ఇటువంటి ప్రతినిధి లభించుట అరుదు. కావున చట్టము నందలి కాలపరిమితిని సడలించి, వారిని సదరు వ్యాధితో సహా యావజ్జీవ సభ్యునిగా నియమించడమైనది."

చదివి, ఆనందబాష్పాలు తుడుచుకుని, తనే స్వయంగా లేచి శాలువా కప్పాడు. ఈసారిది పట్టు శాలువా. "నా శాయశక్తులా కృషి చేసితిని. మొదట ఐదేండ్లే అన్నారు," అన్నాడు.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. డాక్టరుగారు కడిగిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూస్తూ ఉండిపోయారు. గుమ్మంలో పేరంటాలు జావ గిన్నె కింద పెట్టేసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

దొరబాబు శాలువా భుజం మీద సర్దుకున్నాడు. ఇన్నాళ్ళూ కుర్చీ వెనక నిలబడేవాడల్లా, మెల్లగా ముందుకొచ్చి, ఓ పక్కకి ఒరిగి, పళ్ళు బిగబట్టి కుర్చీలో కూర్చున్నాడు.

"అయ్యగారూ, యావజ్జీవ మెంబరు తీర్మానం పెట్టొచ్చాండి?"

"నిస్సందేహముగా!"

"ఆయ్. ఊళ్ళో నీళ్ళకి కటకటగా ఉందండి. ఆడోళ్ళు బిందెలట్టుకుని బోర్ల దగ్గర కొట్టుకుంటన్నారండి. ఇలాటప్పుడు మనం మీటింగుల్లో కూకుని గ్లాసులు గ్లాసులు తాగేత్తే బాగోదండి. వానలు పడేదాకా మన మండలి మీటింగుల్లో మంచినీళ్ళు బంద్ చెయ్యాలని నా తీర్మానమండి. అలాగే పనులు చాలా పేరుకుపోయాయండి. ఇకనించి మీటింగు రోజూ పెట్టాలండి. పొద్దున మొదలెట్టి సాయంత్రం దాకా ఎవరూ మజ్జెలో లేవకూడదండి."

పరిపూర్ణానందం చెయ్యి అసంకల్పితంగా నడుం మీదికి పోయింది.

"బలపరుస్తున్నాను," అన్నారు డాక్టరుగారు, కుర్చీలోంచి లేచి మరీ. సలోమి చెయ్యెత్తింది. కాసులమ్మ రెండు చేతులూ ఎత్తింది.

నలుగురు ఒకవైపు ఉన్నందున తీర్మానం నెగ్గింది. సలోమి వచ్చి అధికారిగారి ముందున్న నిండు గ్లాసు తీసుకెళ్ళి జాగ్రత్తగా కిటికీ బయట మొక్కకి పోసింది. దొరబాబు నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను కూడా ఆపించి, దూది కొనుగోలు విషయం మొదట్నుంచీ నెమ్మదిగా చదవమన్నాడు.